మామ్మ, ఏటీవీ, పిడికెడు బూడిద

ఇది ఒక మహాకావ్యం. ఇందులో సముద్రపుటొడ్డు నుంచి వచ్చిన రథం ఉంది, చూపు పోతున్న రాజమాత ఉంది, నిండు సభలో పట్టిన పంతం ఉంది, అన్నదమ్ముల మధ్య మాటల యుద్ధం ఉంది, చివర్లో కత్తి కూడా ఉంది. వీరగాథకి కావలసిన సరుకంతా పోగేసుకుని రాయడానికి కూర్చున్నాను. ఇంతలో నన్ను చూడ్డానికొచ్చిన మా అమ్మ వెనకనుంచి తొంగి చూసి, "మీ మామ్మ ఇంజను డొప్పకి బూడిద రాసిన సంగతే కదా? దానికింత బిల్డప్పేటే?" అంది. కావ్యం అక్కడితో కూలిపోయింది. రథమంటే పాడైపోయిన ఏటీవీ అనే నాలుగు చక్రాల బండి. రాజమాతంటే మా మామ్మ, నాన్న తల్లి. నిండు సభంటే బెంగాల్లో మేముండే ఝపటాపూర్‌లో మా ఇంటి వెనక వాకిలి. కత్తి మాత్రం నిజమే, కాకపోతే అది కంటి డాక్టరుది.

మొన్న ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఏటీవీని తీసుకుపోవడానికి పాత ఇనుము కొనే మనిషి వచ్చాడు. వచ్చీ రాగానే స్క్రూడ్రైవరు తీసి ఇంజను కవరు మీద చర్రున ఓ గీత గీశాడు. అల్యూమినియమో కాదో చూసుకోవడం వాళ్ల అలవాటు. అంతలో గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న మామ్మ, "ఓ దాదా, ఆస్తే, ఆస్తే! మెల్లగా! గీతలు పడిపోతాయి" అని కేకేసింది. తూకానికి పోయే సామానుకి గీతలు పడితే ఏమిటో అతనికి అర్థం కాలేదు. మర్యాదగా స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. నాకు మాత్రం నేను తొమ్మిదో క్లాసు చదివినప్పటి వర్షాకాలం మొత్తం చింతపండు వాసనతో సహా ముక్కుకి తగిలింది.

మా నాన్నకి గోల్‌బజార్‌లో స్టీలు సామాన్ల కొట్టు. తాత రోజుల్లో అందులో ఇత్తడి అమ్మేవాళ్లు. నాన్న చేతికొచ్చాక స్టీలైంది. మామ్మ ఆ సంగతిని ఇంట్లో జరిగిన చావుల్లో ఒకటిగా లెక్కేసేది. "నల్లబడని సామాను సామానేటిరా? దానికి మనతో పనేటుంటాది?" అని నాన్నని రోజూ ఏదో ఒక పూట అడిగేది. ఊళ్లో సగం మందికి స్టీలు అమ్మిన మా ఇంట్లో మాత్రం నీళ్లు ఇత్తడి బిందెలో, పులుసు కళాయి వేసిన ఇత్తడి గిన్నెలో. పొద్దున్నే రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగేసరికి మామ్మ వెనక వాకిట్లో పీట మీద కూర్చునేది. వేణ్ణీళ్ల పొయ్యిలోని బూడిదని పాత చీరముక్కలో జల్లించి, ముందురోజు పులుసు పిండాక మిగిలిన చింతపండు పిప్పి అందులో కలిపి, కొబ్బరి పీచుతో తోమేది. పుల్లటి వాసన, తడి బూడిద వాసన, చేతికి అంటుకుంటే అన్నంలో కూడా వచ్చే ఇత్తడి వాసన. తోమిన సామానంతా పిట్టగోడ మీద బోర్లిస్తే దాని మీద పడిన ఎండ మా వంటింటి గోడ మీద ఆడేది. మామ్మ అత్తగారి నాటి చెంబొకటి అడుగున ఎంత పల్చబడిందంటే వేలితో నొక్కితే లోపలికి పోయేది. మెరుగు పెట్టడం అంటే ఏదో చేర్చడం కాదు, రోజూ కొంచెం కొంచెం అరగదీయడం అని నాకు అప్పుడే తెలిసింది. ఆ తెలివితో లెక్కల్లో మార్కులేమీ పెరగలేదు.

ఆ రోజుల్లో మామ్మ నోట ఎక్కువగా వినబడే మాట "ఏటివి?" ఏమిటివి అని. శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి ఇక్కడ దిగి, ఇన్నేళ్లయినా ప్లాట్‌ఫారం దాటని తెలుగు మాది. అమ్మ కూరల సంచీ దింపితే మామ్మ ముక్కు పైకెత్తి "ఏటివి?" అనేది.

"బీరకాయలత్తయ్యా."

"బీరకాయలని నాకు తెల్దేటి? ఇయ్యేటి బీరకాయలని అడిగినాను."

చీరలు తెచ్చినా "ఏటివి?", చేపలు తెచ్చినా "ఏటివి?" మేమంతా అది పొగరనుకున్నాం. పొగరు మా ఇంట్లో వారసత్వం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఖరిదాలో ఒక కంటి డాక్టరు మామ్మని కూర్చోబెట్టి లైటు వేసి చూశాకే అసలు సంగతి బయటపడింది. రెండు కళ్లలోనూ శుక్లాలు. కుడికన్ను దాదాపు మూసుకుపోయింది, ఎడమది దాని వెనకే లైన్లో నిలబడింది. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా చూపు వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. మామ్మ కుర్చీలోంచి లేచి వచ్చేసింది. "మా అప్ప కంటికి కత్తి పెట్టించుకున్నాది. ఉన్న సూపూ పోయినాది. సచ్చేదాకా గోడ పట్టుకునే తిరిగినాది. నాకు కనబడతాది. నా సామాను నాను తోముకుంతన్నాను, కనబడకపోతే ఎలగ తోముతాను?"

ఆ ప్రశ్నకి జవాబు అమ్మ దగ్గర ఉంది. మధ్యాహ్నం మామ్మ కునుకు తీసే వేళకి అమ్మ ఆ సామానంతా చప్పుడు కాకుండా దింపి, మామ్మ వదిలేసిన మచ్చలన్నీ మళ్లీ తోమి, ఎక్కడివక్కడ బోర్లించేసేది. ఎన్నాళ్లనుంచి అలా చేస్తోందో నాన్నకి కూడా తెలీదు. నేను చూశాను. "చెప్పకు, బాధపడతాది" అంది. చెప్పలేదు. నా జీవితంలో నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ కాబట్టి ఇది బాగా గుర్తు.

సరిగ్గా అప్పుడే మా చిన్నాన్న సూరిబాబు బండి తెచ్చాడు. చిన్నాన్న, ఆయన బెంగాలీ స్నేహితుడొకడూ కలిసి మందారమణి సముద్రం ఒడ్డున టూరిస్టులని ఏటీవీల మీద తిప్పే వ్యాపారం పెట్టారు. లావుపాటి టైర్లు నాలుగున్న మోటారు సైకిలు లాంటిది, ఇసకలో కూడా పరిగెడుతుంది. వ్యాపారం మాత్రం ఇసకలో కూరుకుపోయింది. చిన్నాన్న వాటాకి ఓ బండి మిగిలింది. దాన్ని చిన్న లారీలో వేయించుకొచ్చి వెనక వాకిట్లో దింపించి, యుద్ధం గెలిచొచ్చినవాడిలా నిలబడ్డాడు.

"అమ్మా, ఏటీవీ తెచ్చినాను."

"ఏ టీవీరా?"

"ఏటీవీ."

"అదేరా, ఏ టీవీ అని. ఉన్న టీవీకేటైంది?"

"టీవీ కాదమ్మా! ఏటీవీ, ఏటీవీ!"

"ఏటివి అని నన్నడుగుతావేటిరా? తెచ్చినోడివి నువ్వు!"

గోడ అవతల కాకీమా, అంటే మా పక్కింటి బెంగాలీ ఆవిడ, ఎవరో పోయారనుకుని పరిగెత్తుకొచ్చింది.

ఉప్పుగాలికి ఆ బండి ఇంజను కవర్లు తెల్లగా పొక్కిపోయాయి, సైలెన్సర్ గొట్టం ఎర్రగా తుప్పెక్కింది. విశ్వకర్మ పూజ నాటికి దాన్ని మెరిపించి, పూలదండ వేసి, వీధిలో అందరికీ చూపించాలని చిన్నాన్న పట్టుదల. ఆ రోజు మా ఊళ్లో కుట్టుమిషనుకి కూడా బొట్టు పెడతారు. మెరవని బండి దగ్గర నిలబడాలంటే ఎవరికైనా నామోషీయే. చిన్నాన్న కవర్లు, గొట్టం విప్పదీసి గోనెపట్టా మీద పరిచి, ఎమరీ కాగితాలతో మొదలెట్టాడు. ముందు గరుకుది, తర్వాత నున్ననిది, ఆ తర్వాత నీళ్లలో తడిపి ఇంకా నున్ననిది. తర్వాత డ్రిల్లు మిషనుకి గుడ్డ చక్రం తగిలించి, దానికి పాలిష్ సబ్బు రాసి రుద్దడం. కాలిన గుడ్డ, కరిగిన మైనం కలిసిన వాసన పప్పు తాలింపుని కూడా ఓడించేది. "చూడే సిట్టీ, ఒక కాగితం పెట్టిన గీతల్ని ఇంకో కాగితం చెరపాల. అది పెట్టినవాటిని ఇంకోటి. మెరుపని వేరే ఏదీ లేదు. కంటికి ఆననంత సన్నటి గీతలే మెరుపు" అని నాతో అనేవాడు. ఇంత మాట అన్న మనిషి బనీను అంచు ఆ సాయంత్రమే డ్రిల్లులో చుట్టుకుని, బొడ్డుదాకా పోయి ఆగింది. తత్వం మూడు రోజులు సెలవు తీసుకుంది.

డ్రిల్లు రొదకి విసిగి మామ్మ ఓ సాయంత్రం వచ్చి కవరు మీద చెయ్యి వేసి తడిమింది. "దీనికింత రాద్ధాంతమేటిరా? పిడికెడు బూడిద, కాస్త చింతపండు పిప్పీ ఉంటే సాలదేటి?"

"అమ్మా, ఇది చెంబు కాదు, ఇంజను."

"అయితే? ఇంజనేటి, లాట్‌సాబేటి?"

అప్పుడే కొట్టు కట్టేసి వచ్చిన నాన్న చెప్పులు విప్పుతూ, గట్టిగా కూడా కాదు, "నీకది కనబడితే కదమ్మా" అన్నాడు.

డ్రిల్లు ఆగిపోయింది. కాకీమా ఇంట్లో శంఖం ఊదడం కూడా సమయం చూసుకుని ఆగిపోయినట్టు నాకు జ్ఞాపకం, అది నేను కల్పించుకుని ఉండొచ్చు. మామ్మ మాట వచ్చిన వైపు మొహం తిప్పింది. "కనబడకపోడమేటి? ఈ డొప్పని రేపు పొద్దుటికి అద్దంలాగ సేస్తాను. సేసినానంటే ఆస్పత్రి మాట ఈ ఇంట్లో ఎవులూ ఎత్తకూడదు."

"సెయ్యకపోతే?" అన్నాడు చిన్నాన్న.

"నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను."

"కంటి సంగతి ఇంజనుతో తేల్చుకుంటారేటి? ఇద్దరికీ మతి పోయిందేటి?" అని నాన్న అరిచాడు. తమ్ముడు వ్యాపారంలోనూ ఇంతేనన్నాడు, అన్న నోట ఎప్పుడూ ఇదే మాటని తమ్ముడన్నాడు. వాళ్ల యుద్ధం జరుగుతుండగానే మామ్మ పీట వేసుకుని కూర్చుంది. "తీర్పు సిట్టి సెప్తాది. దానికి అబద్దం ఆడ్డానికి బుద్ధి సాలదు" అంది. నాకు ఇప్పటిదాకా ఎవరూ ఇంతకంటే మంచి సర్టిఫికెట్ ఇవ్వలేదు.

మొదట చింతపండు రాసింది. నిజం చెప్పాలంటే పొక్కులు చాలావరకు పోయాయి, చిన్నాన్న కూడా కనుబొమ్మలు ఎగరేశాడు. తర్వాత తడి బూడిద. కాసేపటికి పీచు కింద నల్లటి రసం దిగడం మొదలైంది. మేం ఎవరం కంగారు పడలేదు. ఇత్తడికీ అంతే కదా, ముందు నలుపు దిగుతుంది, కడిగితే బంగారం బయటపడుతుంది. "బాగా మురికి దిగుతోందత్తయ్యా" అంది అమ్మ. మామ్మ వేళ్లతో తడుముకుంటూ, నున్నగా తగిలిన చోటల్లా తల ఊపుతూ, ఇంకా బలంగా రుద్దింది. చివరికి, వాడకుండా మూల పడేసిన గుండిగలకి పండగ ముందు చేసినట్టే, కవరంతటికీ మందంగా బూడిద ముద్ద పట్టించి పొద్దుటిదాకా వదిలేసింది. అల్యూమినియం అనేది బూడిద తగిలితే నల్లబడే జాతి అని, ఇత్తడి తోమే ఇంట్లో పుట్టి స్టీలు అమ్మే కొట్టులో పెరిగిన మాలో ఒక్కరికీ తెలీదు. ఆ రెండింటి మధ్య ఉన్న లోహం మా చదువులో రాలేదు.

పొద్దున్న నేను లేచేసరికి అమ్మ అప్పటికే వాకిట్లో ఉంది. ఎప్పటిలాగే మామ్మ కంటే ముందు వెళ్లి దాన్ని సరిచేద్దామనుకుంది పాపం. కడిగితే నలుపు. ఇంకాస్త బూడిదేసి తోమితే ఇంకాస్త నలుపు. నన్ను చూసి మసి చేతులు పైకెత్తింది. ఆ మొహం చూస్తే నవ్వు కూడా రాలేదు. ఈలోగా గోడ పట్టుకుంటూ మామ్మ రానే వచ్చింది. కవరు ఒళ్లో పెట్టుకుని అరచేత్తో నిమిరింది. వెనకే నాన్న, పళ్లపుల్లతో చిన్నాన్న. కవరు చూడగానే చిన్నాన్న నోట్లో పుల్ల కిందపడింది.

"నున్నగా వచ్చినాది" అంది మామ్మ, కవరు నావైపు తిప్పి. "ఏటే సిట్టీ, నీ మొగం కనబడతన్నాదా?"

అందరూ నన్నే చూశారు. అమ్మ కళ్లు మాత్రం అవునని చెప్పమని అడిగాయి. అవునంటే మామ్మ గెలుస్తుంది. గెలిస్తే ఆస్పత్రి ఉండదు.

"నా మొహం కనబడటంలేదు మామ్మా. అమావాస్య కనబడుతోంది."

ఎవరూ నవ్వలేదు. "నవ్వులాటకా?" అంది మామ్మ.

"కాదు మామ్మా. నల్లగా ఉంది."

"ఎంత నల్లగా?"

"అట్ల పెనం అడుగంత."

మామ్మ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. మళ్లీ ఓసారి కవరు నిమిరింది, అది తనతో అబద్ధం ఆడిందన్నట్టు. "నిన్న నాను తోముతుంటే కూడా నల్లగానే ఉన్నాదా?"

"ఊఁ."

"మరెవులూ సెప్పలేదేటి?"

"నీకు కనబడతాదనుకున్నాం" అన్నాడు నాన్న. అనేశాక తనన్న మాట తనకే వినబడి తల దించుకున్నాడు. మామ్మ కవరు పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది. కొంగంతా మసైంది, అదీ చూసుకోలేదు. "టోటో పిలవండి, ఎల్దాం" అంది. టోటో అంటే మా ఊళ్లో బ్యాటరీ ఆటో. ఆ రోజు ఆదివారం, ఆస్పత్రి ఉండదని చెప్పాల్సొచ్చింది. త్యాగాలకి కూడా వర్కింగ్ డే కావాలి.

ఆపరేషన్ అన్నం వార్చినంత సేపు. దానికోసం అంతకాలం భయపడినందుకు మామ్మకి డాక్టరు మీదే కోపం వచ్చింది. కట్టు విప్పాక మొదట చూసింది నాన్న మొహాన్ని. చాలాసేపు చూసింది. "ఏటిరా, ఇంత ముసిలోడివైపోనావు? ఎప్పుడైపోనావు?" అంది. నాన్న నవ్వుతూనే కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆ వారంలోనే జుట్టుకి రంగు కొన్నాడు.

ఇంటికొచ్చాక ఏటీవీ వైపు కాదు, నేరుగా పిట్టగోడ దగ్గరికి నడిచింది. బోర్లించిన సామానంతా ఎండలో మెరిసిపోతోంది. ఒక్కో చెంబూ తిప్పి చూసింది. తర్వాత అమ్మ చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పింది. గోళ్ల సందుల్లో నలుపు, చింతపండుకి వేళ్ల కొసలు పగిలి ఉన్నాయి.

"ఇయి నాను తోమినయి కావు."

"మీరు తోమినవే అత్తయ్యా."

"నా సెయ్యి నాకు తెల్దేటి? ఎన్నాళ్ల నించి?"

అమ్మ చెయ్యి లాక్కుని కొంగులో దాచుకుంది. మామ్మ మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు. మర్నాడు పొద్దున్న సామానుని రెండు కుప్పలు చేసి, ఒకటి తన ముందు పెట్టుకుని, రెండోదాని ముందు ఇంకో పీట వేసింది. పెద్ద గుండిగ అమ్మ కుప్పలోనే పడింది. కృతజ్ఞతకి కూడా ఒక హద్దుంటుంది.

ఆ నల్ల కవరుని చిన్నాన్న మళ్లీ గరుకు కాగితం దగ్గరనుంచి మొదలెట్టాడు. ఈసారి మామ్మ ఎదురుగా కూర్చుని, ఆపరేషనైన కన్ను దగ్గరగా పెట్టి, "ఇక్కడ గీతున్నాది, అక్కడ గీతున్నాది" అని ఎవరికీ కనబడని గీతలన్నీ పట్టి ఆయన ప్రాణం తీసింది. పూజ నాటికి కవరూ గొట్టమూ అద్దాల్లా వచ్చాయి. దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, వీధంతా చూస్తుండగా చిన్నాన్న ఇంజను స్టార్ట్ చేశాడు. ఇంజను వేడెక్కేసరికి, తోమి తోమి తెల్లగా చేసిన సైలెన్సర్ గొట్టం వంపు దగ్గర ముందు పసుపు, తర్వాత నీలం తిరిగింది. వేడికి ఉక్కు రంగు మారుతుందట, తోమడం ఎంత బాగున్నా సరే. "ఆపరా! ఆపు! తోమిందంతా పోతన్నాది!" అని మామ్మ ఒకటే అరుపు. రోడ్డు మీద తిప్పడానికి దానికి నంబరు కూడా ఇవ్వరని తర్వాత తెలిసింది. ఆ బండి మొత్తం ప్రయాణం మా గేటు దాకా, మళ్లీ వెనక్కి.

ఇప్పుడు మా ఇంట్లో తోమాల్సినవేమీ లేవు. ఇత్తడంతా అటక మీద ఉంది. కోల్‌కతాలో నా గదిలో ఉన్నవన్నీ కొన్నరోజునే మెరిసి, వాడినకొద్దీ మెరుపు పోయి, చివరికి పారేసేవి. ఆ చెంబులు అలా కాదు. వాడితే నల్లబడేవి, మనిషి చెయ్యి పడితే మళ్లీ వచ్చేవి. అప్పట్లో మా ఇంట్లో ప్రేమంటే ఒకరు తోమినదాన్ని ఇంకొకరు చెప్పకుండా మళ్లీ తోమడం. ఆ ప్రేమ వల్లే మామ్మ కన్ను పోయినంత పని అయింది. ఇప్పుడెవరికి ఏం తేడా చేసినా ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తాం, సాయంత్రానికి రిపోర్టు కూడా వచ్చేస్తుంది. నిజం తొందరగా చేరుతోంది, కళ్లు బాగానే ఉంటున్నాయి. మంచిదే. కానీ మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, నా కోసం చప్పుడు చేయకుండా చెంబు తోమే మనిషి ఎవరైనా ఉన్నారా అని ఒక్కోసారి అనిపిస్తుంది. ఉన్నా నాకు తెలీదు కదా, అదే దాని పద్ధతి.

పాత ఇనుము వ్యాను సందు తిరిగిపోయాక వాకిట్లో ఏటీవీ ఉన్నచోట నాలుగు టైర్ల గుర్తులు మిగిలాయి. మామ్మ వాటినే చూస్తూ కూర్చుంది. ఇలాంటివన్నీ రాద్దామని ఉన్నదాన్ని కాబట్టి పక్కన కూర్చుని, మెత్తగా, "మామ్మా, బండి వెళ్లిపోతే ఏమనిపించింది?" అని అడిగాను. మామ్మ కళ్లు నులుముకుంది. నేను రాసుకోవడానికి ఫోను తీసి సిద్ధంగా పెట్టుకున్నాను.

"కంట్లో సుక్కలెయ్యలేదే ఇయ్యాల" అంది.

కళ్లు పొడిబారుతున్నాయని డాక్టరు రాసిన మందు. వేశాను. ఆ సీసా కూడా అంతే, మూత తీసిన నెలకి, లోపల మందు మిగిలున్నా పారేయాలి. అట్టపెట్టె మీద రాసే ఉంటుంది.